రేడియేటర్ కడిగినా నీళ్ళు ఎందుకు ఎర్రబడుతున్నాయి?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది 2003 మోడల్ ఆరు చక్రాల లారీ. చిత్తూరు నుంచి బెంగళూరు వైపు బెల్లం, మామిడికాయలు, ఒక్కోసారి సిమెంటు బస్తాలు వేసుకుని తిరుగుతుంది. మా ఊరు దాటి మొగిలి ఘాట్ ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. గత ఏడాది రేడియేటర్‌ను విప్పించి, షాపులో కడిగించి, రాడింగ్ (గొట్టాలలో కమ్మీ దూర్చి శుభ్రం చేయడం) కూడా చేయించాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తరువాత నీళ్ళు మళ్ళీ ఎర్రమట్టి రంగుకు వచ్చాయి, ఘాట్‌లో వేడెక్కడం మళ్ళీ మొదలైంది. మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు (నీటి వేడిని బట్టి రేడియేటర్ దారిని తెరిచి మూసేది) తీసేశాడు గానీ తేడా ఏమీ కనిపించలేదు. ఇప్పుడు కొత్త రేడియేటర్ వేయించుకోమంటున్నారు. అంత ఖర్చు పెట్టవచ్చునా? మనమే కడుక్కునే పద్ధతి ఉంటే వివరంగా తెలుపగలరు.
– ఒక లారీ యజమాని, బంగారుపాళ్యం

జవాబు: కొత్త రేడియేటర్ కొనే ఆలోచనను ప్రస్తుతానికి ఆపండి. కడిగించిన రెండు నెలలకే నీళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయని మీరు రాసిన ఒక్క మాట, దోషం ఎక్కడుందో దాదాపుగా చెప్పేస్తోంది. మీ బండి కాలం నాటి లారీలలో రేడియేటర్ గొట్టాలు సాధారణంగా ఇత్తడివి, వాటి మధ్యనున్న రేకులు రాగివి. ఈ రెండింటికీ ఎర్ర తుప్పు పట్టదు. ఎర్రరంగు ఇనుము నుంచే రావాలి, ఆ ఇనుము ఉన్నది పోత ఇనుముతో చేసిన ఇంజన్ బ్లాకులోనూ, హెడ్డులోనూ. మీరు కడిగించినది రేడియేటర్‌ను మాత్రమే కాబట్టి, బ్లాకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి అక్కడే ఉండిపోయి, బండి కుదుపులకూ నీటి వేగానికీ కొద్దికొద్దిగా లేచి, శుభ్రంగా ఉన్న రేడియేటర్ గొట్టాలలోకి మళ్ళీ చేరుకున్నది. ఇప్పుడు కొత్త రేడియేటర్ వేసినా దానికీ ఇదే గతి పడుతుంది.

ఈ మడ్డి రెండు రకాల పదార్థాల కలయిక. ఒకటి తుప్పు: నీరు, అందులో కరిగిన గాలి, వేడి కలిసి ఇనుమును తినివేయగా మిగిలిన పొడి. రెండవది సున్నపు గార. మన జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. నీటిని కాచిన పాత్ర అడుగున పట్టే తెల్లని పొర అందరూ చూసినదే. ఉప్పు, చక్కెర వంటివి నీరు వేడెక్కేకొద్దీ ఎక్కువగా కరుగుతాయి కానీ, ఈ సున్నపు లవణం అందుకు విరుద్ధంగా వేడి పెరిగేకొద్దీ విడిపోయి గోడలకు అంటుకుంటుంది. అందుకే ఇంజన్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, సిలిండర్ల పైభాగాన ఈ పొర మందంగా పేరుకుంటుంది. ఇనుముతో పోలిస్తే ఈ పొర వేడిని ప్రసరింపజేసే శక్తి ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆవిరై పోయిన నీటి స్థానంలో దారిలో దొరికిన బోరునీళ్ళు పోసిన ప్రతిసారీ, పోయినది నీరు మాత్రమే, అందులోని లవణం లోపలే మిగిలిందన్న సంగతి మరువరాదు.

కడగడానికి ముందు, వేడెక్కడానికి మడ్డి ఒక్కటే కారణమా అన్నది తేల్చుకోవాలి. ఫ్యాను బెల్టు వదులుగా ఉన్నదేమో, రేడియేటర్ రేకుల మధ్య దుమ్ము, పురుగులు, గడ్డిపరకలు నిండి గాలి ఆడకుండా ఉన్నదేమో చూడండి. లోడు లేకుండా నిదానంగా పోతున్నప్పుడు కూడా వేడెక్కుతూ ఉంటే గాలి లోపాన్ని ముందు అనుమానించాలి. ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కుతూ ఉంటే నీటి ప్రవాహాన్ని అనుమానించాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, స్టార్టు చేసి, కాస్త యాక్సిలేటర్ ఇచ్చి చూసినప్పుడు నీటిలో ఆగకుండా బుడగలు వస్తూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనుండే సీలు) పోయినట్లు అనుకోవాలి. నీటి మీద నూనె తెట్టు గానీ, ఇంజన్ ఆయిల్‌లో పాలవంటి తెలుపు గానీ కనిపించినా అంతే. ఆ పరిస్థితిలో ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం లేదు, ముందు ఆ మరమ్మతు జరగాలి.

ఇక పని. బండిని రాత్రంతా ఆపి ఉంచి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. రేడియేటర్ కింది కాక్ విప్పితే నీళ్ళు వస్తాయి, చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. బ్లాకుకు పక్కన, కిందివైపున వేరే డ్రెయిన్ కాక్ గానీ ప్లగ్గు గానీ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని కారణంగా గ్రీజూ మట్టీ కప్పుకుని కంటికి కనిపించదు. దానిని వెతికి విప్పండి. మీ బండి విషయంలో, విప్పిన తరువాత కూడా అక్కడినుంచి చుక్క నీరు రాకపోవచ్చు. లోపల నీరు లేక కాదు, రంధ్రానికి వెనుక మడ్డి గట్టిపడి మూసుకుపోయినందువల్ల. కాక్‌ను పూర్తిగా ఊడదీసి, గట్టి తీగతో నెమ్మదిగా పొడిచి దారి చేయండి. అప్పుడు గోధుమరంగు బురద రావడం చూస్తే, మీ డబ్బు గత ఏడాది ఎందుకు వృథా అయిందో మీకే అర్థమవుతుంది.

ఆ తరువాత శుభ్రమైన నీరు నింపి, థర్మోస్టాట్ వాల్వు లేకుండానే ఇంజన్‌ను వేడెక్కే వరకు నడిపి, ఆపిన వెంటనే కాకుండా చేయి పెట్టగలిగేంత వేడికి దిగిన తరువాత, మడ్డి మళ్ళీ అడుగుకు చేరకముందే వదిలేయండి. వేడిగా ఉన్న బ్లాకులో చన్నీళ్ళు పోయకూడదు, పోత ఇనుము చిట్లుతుంది. బయటికి వచ్చే నీటి రంగు పలుచబడే వరకు ఇలా చేయండి. నీటి మీద నూనె జిడ్డు ఉంటే ఈ దశలోనే నురగ రాని డిటర్జెంటుతో దానిని పోగొట్టాలి, ఎందుకంటే జిడ్డు కింద ఉన్న తుప్పును తరువాత వేసే మందు అంటుకోలేదు.

ఆ మందు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. లీటరుకు 50 గ్రాముల చొప్పున, మీ బండి కూలింగ్ వ్యవస్థలో ఇరవై లీటర్లు పడితే ఒక కిలో సరిపోతుంది. మీ బండికి ఎన్ని లీటర్లు పడతాయో కంపెనీ పుస్తకంలో చూసుకోండి, లేదా వదిలిన నీటిని కొలుచుకోండి. పొడిని నేరుగా రేడియేటర్‌లో వేయకుండా ప్లాస్టిక్ బకెట్‌లో గోరువెచ్చని నీటిలో పూర్తిగా కరిగించి పోయాలి. ఇంజన్‌ను మామూలు ఐడిల్ కంటే కొంచెం ఎక్కువ వేగంతో, 75 నుంచి 80 డిగ్రీల వేడిలో ఒక గంటసేపు నడపండి. వాల్వు లేకుండా ఇంజన్ అంత వేడికి చేరకపోతే రేడియేటర్ ముందు అట్ట అడ్డం పెట్టి, ముల్లును కనిపెట్టుకుని ఉండండి.

ఇక్కడొక ప్రమాదం ఉంది. బ్లాకు గోడల నుంచి ఊడిన పెచ్చులు నేరుగా రేడియేటర్ పైట్యాంకులోకి పోయి సన్నని గొట్టాల మూతులను మూసేస్తాయి. రేడియేటర్‌లోకి దిగే పై హోస్ పైపు మూతిలో సన్నని స్టీలు జల్లెడ ముక్కను గిన్నెలా వంచి పెట్టి, క్లిప్పు బిగించి, పది నిమిషాలకొకసారి ఇంజన్ ఆపి, నీరు చల్లారిన తరువాత తీసి కడగడం మంచిది. జల్లెడ నిండినప్పుడు ప్రవాహం ఆగి ఇంజన్ వేడెక్కుతుంది కాబట్టి, పని పూర్తికాగానే దానిని తీసివేయడం మరచిపోకూడదు. ఓపిక ఉన్నవారు ఇంకొక పద్ధతి చేయవచ్చు: రేడియేటర్‌ను విప్పి పక్కన పెట్టి, థర్మోస్టాట్ గూడు దగ్గర నీటి పైపు పెట్టి, బ్లాకును ప్రవాహానికి ఎదురు దిశలో కడిగి, తరువాత రేడియేటర్‌ను విడిగా కింది మూతి నుంచి పైకి కడగడం. మీ బండికి నేను సిఫారసు చేసేది ఇదే. రేడియేటర్‌కు పెట్టే నీటి ఒత్తిడి ఒక బార్ దాటకూడదు, కంప్రెసర్ గాలిని సూటిగా వదిలితే టాంకా (సోల్డరింగ్) అతుకులు విచ్చుకుంటాయి. కడిగిన తరువాత కింది మూతిని అరచేతితో మూసి, నిండా నీరు పోసి, చేయి తీసినప్పుడు ధార పైపు నిండుగా దూకాలి. బలహీనంగా కారుతుంటే మాత్రమే మళ్ళీ రాడింగ్ గురించి ఆలోచించండి.

నిమ్మ ఉప్పు నీటిని వదిలిన తరువాత మంచినీటితో ఒకసారి, వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మళ్ళీ మంచినీటితో కనీసం రెండుసార్లు ఇంజన్ నడిపి వదలాలి. ఆమ్లం శేషం ఏమాత్రం మిగిలినా, అప్పుడే శుభ్రపడి బయటపడిన ఇనుము గంటలలో మళ్ళీ తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. అందుచేత పొద్దున ఆమ్లంతో కడిగి, ‘కూలెంట్ రేపు తెచ్చుకుందాం’ అని వదిలేయడం పనికిరాదు. కూలెంట్‌ను ముందే కొని పక్కన పెట్టుకున్న తరువాతనే కాక్ విప్పండి.

అప్పటికీ మడ్డి ఆగకుండా వస్తుంటే, బ్లాకు పక్కనున్న గుండ్రని కోర్ ప్లగ్గులను తీయించి, ఆ రంధ్రాల గుండా తీగతోనూ నీటి ధారతోనూ కడగాలి. మడ్డి ఎక్కువగా చేరేది నీటి వేగం తక్కువగా ఉండే వెనుక సిలిండర్ల అడుగున. ఆ పలుచని రేకు ప్లగ్గులు లోపలి నుంచి తినేసి ఉండటం కూడా సాధారణమే. వాటి ధర స్వల్పం. గేర్‌బాక్సు వైపున ఉన్నవాటికి మాత్రం గేర్‌బాక్సు దించాలి కాబట్టి, అవి కారడం లేదంటే వాటి జోలికి ఇప్పుడు పోనక్కరలేదు, క్లచ్ ప్లేటు మార్చే రోజు వరకు ఆగవచ్చు.

చాలామంది చెప్పని మాట ఒకటుంది. కడిగిన తరువాత కొత్తగా లీకులు కనిపించవచ్చు. రంధ్రాన్ని తుప్పే మూసి ఉంచి, ఇప్పుడు ఆ తుప్పు పోయినందువల్ల అది బయటపడింది. దానిని కడగడం వల్ల వచ్చిన నష్టంగా భావించకండి. వాటర్ బాడీ (నీటి పంపు) కింద చిన్న రంధ్రం నుంచి చుక్కలు పడుతుంటే దాని సీలు పోయిందని అర్థం.

ఇక నింపవలసినది. దారి పక్క బోరునీళ్ళు ఇకమీదట వద్దు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. మన ప్రాంతంలో నీరు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకని అడిగేవారున్నారు. ఇక్కడ దాని ముఖ్యమైన పని తుప్పును ఆపడం. మొత్తంలో మూడో వంతుకు తగ్గితే ఆ పని సరిగా జరగదు, సగానికి సగం కలపడం సర్వసాధారణం. టాంకాతో అతికిన రాగి, ఇత్తడి రేడియేటర్‌కు సరిపడుతుందని డబ్బా మీద రాసి ఉన్న రకాన్నే కొనండి, రెండు రకాలను కలపకండి. మీ ఇంజన్‌లో వెట్ లైనర్లు (బయటివైపు నీరు నేరుగా తగిలే సిలిండర్ గొట్టాలు) ఉంటే, డీజిల్ ఇంజన్‌లకు ఉద్దేశించిన కూలెంట్ తప్పనిసరి. లైనర్ల అదురుకు నీటిలో పుట్టే సన్నని బుడగలు పగిలిపగిలి లైనర్ గోడకు సూదిబెజ్జాలు పడకుండా అందులోని రసాయనాలు కాపాడతాయి.

థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టించండి. వాల్వు తీస్తే చల్లగా ఉంటుందన్న నమ్మకం మన వర్క్‌షాపులలో పాతుకుపోయింది. కొన్ని ఇంజన్‌లలో వాల్వు తీసినప్పుడు బైపాస్ దారి తెరిచే ఉండి, కొంత నీరు రేడియేటర్‌లోకి పోకుండానే తిరిగివచ్చి, ఘాట్‌లో వేడి ఇంకా పెరుగుతుంది. చదునైన రోడ్డు మీదనేమో ఇంజన్ ఎప్పుడూ చల్లగానే నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పాత వాల్వు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి దానిని దారంతో కట్టి నీటిలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి కాచండి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, చల్లారితే మూసుకోవాలి.

రేడియేటర్ మూత సంగతి కూడా చెప్పాలి. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి తగ్గుతుంది కాబట్టి, పలమనేరు ఎత్తుకు చేరేసరికి మూత లేని పాత్రలో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అదే నీటిని మూత అర బార్ ఒత్తిడిలో పట్టి ఉంచితే 110 డిగ్రీల చుట్టుపక్కల వరకు మరగదు. రబ్బరు గట్టిపడిన మూత ఈ పన్నెండు డిగ్రీల వెసులుబాటును హరిస్తుంది. పాత మూతతో మొగిలి ఘాట్ ఎక్కవద్దు, కొత్తది వేయండి, దాని మీద ఉన్న ఒత్తిడి అంకె కంపెనీ చెప్పినదే అయి ఉండాలి. కింది హోస్ పైపు లోపల ఉండే స్ప్రింగు తుప్పుపట్టి విరిగిందేమో కూడా చూడండి. అది లేకపోతే ఇంజన్ వేగం పెరిగినప్పుడు పైపు పీల్చుకుపోయి నీటి దారి మూసుకుంటుంది.

నెల రోజుల తరువాత, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రంగు చూడండి. కొంచెం మసకబారితే కంగారుపడనక్కరలేదు. మళ్ళీ ఎర్రబడితే బ్లాకులో మడ్డి ఇంకా ఉన్నట్లే, అప్పుడు కోర్ ప్లగ్గులు తీయించక తప్పదు.

ప్రశ్న: నేను ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్నాను. మా దగ్గర పాత లారీల రేడియేటర్‌లకు బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోసి కడుగుతారు. క్షణాలలో తెల్లబడుతుంది. నిమ్మ ఉప్పుతో గంటలు గంటలు ఎందుకు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: బాత్‌రూమ్ యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది గారను కరిగించే వేగంతోనే ఇనుమునూ, అల్యూమినియం భాగాలనూ తినివేస్తుంది, టాంకా అతుకులనూ వదలదు. తెల్లబడినట్లు కనిపించేది తుప్పు మాత్రమే పోయినందువల్ల కాదు, లోహం కూడా కొంత పోయినందువల్ల. దానిలోని క్లోరైడ్ సందులలో మిగిలిపోయి, కడిగిన తరువాత కూడా తుప్పును పెంచుతూనే ఉంటుంది. విడిగా విప్పిన రేడియేటర్‌ను అనుభవజ్ఞులు పలుచని ద్రావణంలో లెక్కగా ముంచి తీయడం వేరు, బండిలో ఉండగానే సీసా వంచడం వేరు. రెండవది మీరు చేయవద్దు, మీ గురువుగారు చెప్పినా వినయంగా ఈ కారణం చెప్పండి. దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, దానిని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషవాయువు పుడుతుంది. నిమ్మ ఉప్పుతో పనిచేసేటప్పుడు కూడా కళ్ళద్దాలు, చేతితొడుగులు వాడండి. అల్యూమినియం హెడ్డు లేదా అల్యూమినియం రేడియేటర్ ఉన్న బండ్లకు కాస్టిక్ సోడా, చాకలి సోడా రెండూ వాడకూడదు.

ప్రశ్న: భాకరాపేట ఘాట్‌లో రేడియేటర్ కారుతుంటే తోటి డ్రైవర్ సలహా మీద గుప్పెడు పసుపు వేశాను. కారడం ఆగింది. ఆ పసుపును అలాగే ఉంచవచ్చునా? దారిలో ఆవిరి పొగలు వస్తే వెంటనే ఏమి చేయాలి?
– ఒక డ్రైవర్, చంద్రగిరి

జవాబు: పసుపు పొడి లీకు దగ్గర చేరి ఉబ్బి, దారిని తాత్కాలికంగా మూస్తుంది. ఊరు చేరడానికి అది పనికివచ్చిన మాట నిజమే, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అయితే పొడికి లీకు ఏదో, రేడియేటర్ గొట్టం ఏదో తెలియదు. మిగిలినదంతా సన్నని గొట్టాలలోనూ, బ్లాకు అడుగునా చేరి, పై జవాబులో చెప్పిన మడ్డికి తోడవుతుంది. బజారులో అమ్మే లీకు పొడులకూ ఇదే వర్తిస్తుంది. ఊరు చేరిన తరువాత లీకుకు టాంకా వేయించి, నీటిని పూర్తిగా వదిలి, మంచినీటితో కడగండి.

ఆవిరి వచ్చినప్పుడు బండిని మలుపులో కాకుండా వెనుక వాహనాలకు కనిపించే చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. కూలింగ్ వ్యవస్థలో ఇంకా నీరు ఉన్నదనిపిస్తే, లోడు తగ్గిన ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వడం మంచిది, ఫ్యానూ పంపూ పనిచేస్తూ హెడ్డు వేడిని లాగుతాయి. పైపు పగిలి నీరంతా పోయి ఉంటే వెంటనే ఆపేయాలి. మూతను కనీసం అరగంట వరకు ముట్టుకోవద్దు. ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటి ఉన్న నీరు, మూత వదులైన క్షణంలో ఆవిరిగా మారి ముఖం మీదికి లేస్తుంది, తడిగుడ్డ కప్పినంత మాత్రాన అది ఆగదు. చల్లారిన తరువాత ఇంజన్ నడుస్తుండగా కొద్దికొద్దిగా నీరు పోయండి.

ప్రశ్న: వదిలిన పాత కూలెంట్‌ను పొలం గట్టున పారబోయవచ్చునా?
– ఒక రైతు, పాకాల

జవాబు: పారబోయకూడదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, ఆవులు, గొర్రెలు, కుక్కలు దానిని ఇష్టంగా తాగుతాయి. కొద్ది మోతాదు కూడా వాటి మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీస్తుంది. వదిలేటప్పుడు కింద వెడల్పాటి టబ్బు పెట్టి పట్టుకుని, మూత ఉన్న క్యానులో పోసి, పిల్లలకు అందకుండా ఉంచి, వాడిన ఇంజన్ ఆయిల్‌ను తీసుకునే వర్క్‌షాపును అడిగి, ఆయిల్‌తో కలపకుండా విడిగా అప్పగించండి. నిమ్మ ఉప్పుతో కడిగిన నీటిలో కూడా రాగి, సీసం వంటి లోహాలు కరిగి ఉంటాయి, దానినీ చెరువులోకో కాలువలోకో వదలకండి.